పెన్నా ముఖద్వారం వద్ద అలలు, ఎగువన నిండు జలాశయాలు: రానున్న ఈశాన్య రుతుపవన కాలంపై విశ్లేషణ

ప్రొద్దుటూరు: సముద్రపు అలల ఎత్తును గురించిన ప్రకటన వెలువడినపుడు కడప జిల్లాలోని పాత్రికేయులలో అత్యధికులు దానిని పక్కన పెట్టడం పరిపాటి. సముద్రతీరం లేని జిల్లాకు అలల సమాచారంతో పనియేమి అన్న సందేహం సహజమే. కానీ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణాలు పెన్నానది ఒడ్డున ఉన్నవి. పులివెందుల ప్రాంతపు వాననీరు ఒక వైపు చిత్రావతి ద్వారా, మరొక వైపు పాపాఘ్ని ద్వారా ఆ పెన్నాలోనే కలుస్తున్నది. ఈ నీరంతయు చిట్టచివరకు నెల్లూరు జిల్లా విడవలూరు మండలం ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో చేరవలసినదే. ఆ ముఖద్వారం వద్ద సముద్రం ఏ స్థితిలో ఉన్నదన్న విషయానికి, ఇక్కడి జలాశయాల గేట్లు ఎపుడు ఎత్తుతారన్న విషయానికి సంబంధం ఉన్నది. ఈశాన్య రుతుపవనాల కాలం సమీపించు తరుణంలో ఆ సంబంధాన్ని పాత్రికేయుల, అధికారుల దృష్టికి తెచ్చుటకే ఈ వ్యాసం.

కర్ణాటకలోని నందికొండలలో పుట్టిన పెన్నా, 597 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తున్నది. అందులో 61 కిలోమీటర్లు మాత్రమే కర్ణాటకలోనివి, మిగిలిన 536 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లోనివి. పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. ఎడమ వైపు నుంచి జయమంగళి, కుందూ, సగిలేరు, కుడి వైపు నుంచి చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు ఇందులో కలుస్తున్నవి. ఈ ఆరింటిలో జయమంగళి తప్ప మిగిలిన ఐదూ కడప ప్రాంతానికి సంబంధించినవే కావడం గమనార్హం. పినాకిని అని కావ్యాలలో గౌరవించుకున్న ఈ నది ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటగానే కనిపించేది. నది ఎండి ఉండుటయే అలవాటైన జనానికి అది పొంగినపుడు ఎంత దూరం వస్తుందో జ్ఞాపకం ఉండదు. పెన్నా వరదలలో ప్రాణనష్టానికి ఈ మరపు కూడ ఒక కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ముఖద్వారం వద్ద రానున్న మూడు నెలలు

ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు 20 ప్రాంతంలో దక్షిణ కోస్తా, రాయలసీమలలో ప్రవేశిస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గల మూడు నెలలను వాతావరణ శాఖ ఈ కాలంగా పరిగణిస్తున్నది. కడప జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు కాగా, అందులో మూడో వంతుకు పైగా ఈ మూడు నెలలలోనే కురుస్తుంది. నెల్లూరు తీరంలో పరిస్థితి తలక్రిందులు: అక్కడ ఏడాది వానలో పెద్ద భాగం ఈ కాలానిదే.

రుతుపవనాలు మారుటతో సముద్రం స్వభావం కూడ మారుతుంది. అంతవరకు నైరుతి నుంచి, అనగా నేల వైపు నుంచి సముద్రం వైపు వీచిన గాలి దిశ మార్చుకొని, ఈశాన్యం నుంచి నేరుగా తీరం మీదికి వీస్తుంది. తూర్పు ముఖంగా ఉన్న నెల్లూరు తీరానికి ఇది ఎదురుగాలి. సముద్రంపై దూరంగా ఏర్పడి, బారుగా, వ్యవధి ఇచ్చి వచ్చే అలల స్థానంలో దగ్గరలోనే గాలి పుట్టించిన పొట్టి అలలు ఐదు నుంచి ఎనిమిది సెకన్లకొకటి చొప్పున ఎడతెరిపి లేకుండ వస్తాయి. తుపాను ఏదియు లేని సాధారణ దినాలలో వీటి ఎత్తు ఒకటి రెండు మీటర్ల మధ్య ఉంటుంది. ఎత్తు తక్కువే గదా అని తీసివేయరాదు. వ్యవధి తక్కువైన అలలలో పడిన మనిషి ఊపిరి పీల్చుకొనేలోపే మరొకటి మీద పడుతుంది.

తీరం వెంట ఇసుక నడక కూడ ఈ కాలంలో దిశ మార్చుకుంటుంది. మార్చి నుంచి అక్టోబరు వరకు ఉత్తరానికి, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు దక్షిణానికి ఇసుక కదలడం తూర్పు తీరపు లక్షణం. ఏడాది మొత్తం లెక్కలో ఉత్తర దిశదే పైచేయి. దీని ఫలితంగా నదీ ముఖద్వారాల వద్ద ఇసుక దిబ్బ నాలుకవలె సాగి నది నోటిని కొంత మూసివేస్తుంది. నదిలో నీరు లేని నెలలలో ఈ దిబ్బదే రాజ్యం. వరద వచ్చినపుడు నది దానిని కోసుకొని పోతుంది. కనుక నిరుటి లోతు, నిరుటి దారి ఈ ఏడాది ఉండవు. పడవ నడిపే మత్స్యకారులకు ఈ సంగతి పుట్టుకతో తెలిసినదే. పండుగ స్నానానికి పోయే మన ప్రాంతపు యాత్రికులకు తెలియనిది ఇదే.

నీటి లోతు అల ఎత్తుకు ఒకటింబావు రెట్లకు తగ్గినపుడు అల విరుగుతుంది. నది తెచ్చిన ఇసుక ముఖద్వారం ముందు మెట్టవలె పేరుకొనుటచే అల ఒడ్డుకు చాల దూరంగానే విరుగుతుంది. పైగా నది నీరు బయటికి, అల లోనికి వచ్చుచుండగా అల పొట్టిదై, నిటారై, ముందుగానే కూలుతుంది. పోటు తగ్గుముఖం పట్టి నీరు వేగంగా వెనుకకు పోయే గంటలలో ఈ చోటు అత్యంత ప్రమాదకరం. ముఖద్వారాల వద్ద పడవలు తలక్రిందులయ్యేది తరచుగా ఈ వేళలలోనే.

ఇట్టి చోట్లను వెదకుకొంటూ పోయేవారు కూడ లోకంలో కలరు. అలలపై పలక వేసుకొని నిలిచి స్వారీ చేయు సర్ఫింగ్ క్రీడ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశించిన విషయం విదితమే. మన రాష్ట్రంలో విశాఖపట్నం తీరాన ఈ క్రీడను అభ్యసించే యువత ఉన్నది. నదీ ముఖద్వారపు ఇసుక మెట్ట చక్కగా కుదిరితే అల ఒక కొస నుంచి మరొక కొసకు క్రమంగా విరుగుతుందని, అదియే తమకు కావలసినదని ఆ క్రీడాకారులు చెబుతారు. పెన్నా ముఖద్వారం మాత్రం ఈశాన్య రుతుపవన కాలంలో వారికి కూడ పనికివచ్చే చోటు కాదు. ఎదురుగాలి, బురద నీరు, వరదలో కొట్టుకువచ్చే దుంగలు, తుమ్మకంపలు, గంటకొక తీరుగా మారే ప్రవాహం అచట ఉంటాయి. గాలి నెమ్మదించి, నదిలో వరద తీసిన తరువాత, అనగా జనవరి చివరి వారాల నుంచి, సముద్రం కొంత కుదుటపడుతుంది.

2021 నవంబరు 19

వాన, వరద, పోటు ఒకే దినాన కలిసివస్తే ఏమగునో తెలుసుకొనుటకు 2021 నవంబరు 19కి మించిన ఉదాహరణ లేదు. ఆ దినం కార్తిక పౌర్ణమి. బంగాళాఖాతంలోని వాయుగుండం ఆ తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. అదే ఉదయం, అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో, పింఛా జలాశయం నుంచి విరుచుకుపడిన వరద చెయ్యేరుపై గల అన్నమయ్య ప్రాజెక్టు స్పిల్‌వే సామర్థ్యాన్ని మించిపోయి కట్ట తెగిపోయింది. దిగువనున్న పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామాలు కొట్టుకుపోయాయి. నందలూరు, రాజంపేట మధ్య ఆర్టీసీ బస్సులు ప్రయాణికులతో సహా వరదలో చిక్కుకున్నాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

ఇటు పాపాఘ్ని కూడ ఉప్పొంగింది. వెలిగల్లు జలాశయం నుంచి వచ్చిన నీరు వేంపల్లె మీదుగా కమలాపురం చేరగా, నవంబరు 21 తెల్లవారేసరికి అచట జాతీయ రహదారిపై గల వంతెన కూలిపోయింది. కడప, తాడిపత్రి మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. ఈ నీరంతయు సోమశిలకు చేరింది. 78 టీఎంసీల సామర్థ్యం గల ఆ జలాశయానికి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం రాగా, వచ్చినది వచ్చినట్లు దిగువకు వదలక తప్పలేదు. నెల్లూరు సమీపాన పడుగుపాడు వద్ద రైలు కట్ట కోతకు గురై చెన్నై, విజయవాడ మార్గంలో రైళ్ళు ఆగిపోయాయి. జాతీయ రహదారి కూడ తెగినది.

ఈ సందర్భంలో ఒక సవరణ అవసరం. పౌర్ణమి పోటు వలననే నెల్లూరు మునిగినదని ఆనాడు కొన్ని కథనాలు వచ్చాయి. ఇది అతిశయోక్తి. నెల్లూరు తీరంలో పోటుపాట్ల మధ్య తేడా ఇంచుమించు ఒక మీటరు మాత్రమే. ఐదు లక్షల క్యూసెక్కుల వరద ముందు దాని ప్రభావం కోవూరు, పడుగుపాడుల వరకు ఎగబ్రాకేంతటిది కాదు. పోటు ప్రభావం ముఖద్వారానికి దగ్గరగా, నేల సముద్రమట్టానికి ఎత్తు లేని విడవలూరు, ఇందుకూరుపేట మండలాల తీర గ్రామాలలో కనిపిస్తుంది. అచట వరద నీరు పోవలసిన వేళకు పోక, పొలాలలో మరికొన్ని గంటలు, ఒక్కొక్కపుడు మరొక దినం నిలిచిపోతుంది. వరి నారుమళ్ళకు, రొయ్యల చెరువులకు ఆ ఒక్క దినమే తేడా చేస్తుంది. విషయాన్ని ఉన్నంత మేరకు చెప్పినపుడే హెచ్చరికకు విలువ ఉంటుంది.

తుపాను దక్షిణాన దాటినను వాన ఇచటనే

తుపాను చెన్నై వద్దనో పుదుచ్చేరి వద్దనో తీరం దాటుతుందని తెలియగానే మన జిల్లాలో ఊపిరి పీల్చుకొనే అలవాటు ఉన్నది. వాస్తవం ఇందుకు విరుద్ధం. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు అపసవ్యంగా తిరుగుతాయి. పడమరకు కదిలే తుపానుకు కుడి వైపున, అనగా ఉత్తరాన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. తేమను మోసుకువచ్చేది, అలలను ఎగదోసేది, తీరం వద్ద నీటి మట్టాన్ని పెంచేది ఆ గాలియే. చెన్నై వద్ద దాటే తుపానుకు నెల్లూరు, కడప, చిత్తూరు ప్రాంతాలు ఆ కుడి పక్కనే ఉన్నవి. ఆ తేమగాలి వెలిగొండ, పాలకొండ, శేషాచల శ్రేణులకు కొట్టుకొని పైకి లేచి కుండపోతగా కురుస్తుంది. చెయ్యేరు, పాపాఘ్ని, బుగ్గవంక అచటనే నీరు దింపుకుంటాయి.

2020 నవంబరు 25 అర్ధరాత్రి సమయాన పుదుచ్చేరి సమీపంలో తీరం దాటిన నివర్ తుపాను కడప, నెల్లూరు, చిత్తూరు జిల్లాలను ముంచెత్తుట ఇందుకు నిదర్శనం. కడప నగరంలో బుగ్గవంక 2001 అక్టోబరులోనూ, నివర్ వేళలోనూ పొంగినది. ఇందుకు భిన్నంగా 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరానికి సమాంతరంగా, దగ్గరగా ఉత్తరానికి సాగి 5వ తేదీన బాపట్ల సమీపాన తీరం దాటింది. అట్టి తుపాను తీరానికి చేసే హాని వేరు: అది ఒక చోట దాటిపోక, తీరం పొడవునా అలలతో గంటల తరబడి కోస్తూ పోతుంది. తుపాను ఎచట దాటుతుందన్నది ఒక్కటే వార్త కాదు. అది ఏ దారిన వస్తున్నది, మనం దానికి ఏ పక్కన ఉన్నాము అన్నది అంతకంటె ముఖ్యమైన వార్త.

జలాశయాల లెక్క

పూర్వం పెన్నాపై మైలవరం జలాశయం నిండిన సంవత్సరాలను వేళ్ళపై లెక్కించేవారు. ఇపుడు పరిస్థితి మారినది. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల, అవుకు మీదుగా కృష్ణా జలాలు గండికోటకు చేరుతున్నవి. 26.85 టీఎంసీల గండికోట, దాని నుంచి ఎత్తిపోతల ద్వారా నీరు పొందే 10 టీఎంసీల చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, 6 టీఎంసీల పైడిపాలెం ఇటీవలి సంవత్సరాలలో నిండుట పులివెందుల, జమ్మలమడుగు రైతాంగానికి గొప్ప మేలు. చీనీ తోటలు ఎండిపోతుంటే ట్యాంకర్లతో నీరు తోలిన సంవత్సరాలను చూచినవారెవరూ ఈ మేలును తక్కువగా అంచనా వేయరు.

అయితే ఈ మేలుతో ఒక కొత్త బాధ్యత కూడ వచ్చినది. కృష్ణకు వరద వచ్చేది జూలై నుంచి అక్టోబరు వరకు. పెన్నా ఉపనదులకు వరద వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. మొదటి వరదతో నింపుకున్న జలాశయం రెండవ వరద వచ్చేనాటికి నిండుకుండవలె ఉంటుంది. నదికి అడ్డంగా కట్టిన జలాశయం వరదను ఆపగలిగేది అందులో ఖాళీ ఉన్నపుడే.

లెక్క చూడండి. ఒక లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఒక దినం సాగితే 8.64 టీఎంసీలు అవుతుంది. మైలవరం మొత్తం సామర్థ్యం పది టీఎంసీలకు లోపు. అనగా పూర్తిగా ఖాళీగా ఉన్న మైలవరాన్ని ఒక్క రోజు లక్ష క్యూసెక్కుల వరద ఇంచుమించు నింపివేయగలదు. గండికోట, మైలవరం రెండును నిండి ఉన్నపుడు పైనుంచి ఎంత వస్తే అంతయు జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల ముందు నుంచి పోవలసినదే. ఐదు లక్షల క్యూసెక్కులనగా దినానికి 43 టీఎంసీలు. 78 టీఎంసీల సోమశిల సైతం అంతటి ప్రవాహాన్ని రెండు రోజులు తట్టుకోజాలదని దీనిని బట్టి గ్రహించవచ్చును.

కనుక వాయుగుండం సూచన వెలువడిన వెంటనే, వాన పడకముందే, జలాశయాలలో కొంత ఖాళీ చేయుటయా మానుటయా అన్నది ఇంజనీరింగ్ అధికారుల ముందున్న ప్రశ్న. ఇది సులభమైన నిర్ణయం కాదు. ముందుగా వదిలిన పిదప వాన పడకపోతే వేసవిలో రైతు అడుగుతాడు. వదలక ఉంచి, ఆపై ఒక్కసారిగా గేట్లన్నీ ఎత్తితే దిగువ పట్టణాలు అడుగుతాయి. ఈ రెంటిలో రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పుటయే కష్టం. రైతుకు వచ్చే ఆగస్టులో కృష్ణా నీటిని మరల ఇవ్వవచ్చును. రెండు రోజుల ముందు నుంచి కొద్దికొద్దిగా వదలిన నీరు దిగువన నదిలో దారి చేసుకొని, ముఖద్వారపు ఇసుక దిబ్బను ముందుగానే కోసి ఉంచుతుంది. తరువాత వచ్చే పెద్ద వరదకు తలుపు తెరిచి ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యలకు, ఆ తరువాతి ఒకటి రెండు దినాలకు పోటు ఎక్కువ గనుక, తేదీలను చూచుకొని ముందుగా వదలుట ముఖద్వారం వైపు నుంచి చూచినను మంచిదే. నెల్లూరు, సంగం వద్ద 19వ శతాబ్దపు ఆనకట్టల స్థానంలో 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైన కొత్త బ్యారేజీలు దిగువన నియంత్రణను కొంత సులభతరం చేశాయి. కానీ వాటికి ఎగువ జిల్లా నుంచి వేళకు సమాచారం అందాలి.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పరిసరాలలో నదిగర్భంలో వేసుకున్న చప్టాలు, తాత్కాలిక దారులు గేట్లు ఎత్తిన ప్రతిసారీ మునుగుతున్నవి. నీరు మోకాలి లోతు ఉన్నపుడు ద్విచక్ర వాహనంతో దాటే ప్రయత్నమే ప్రాణాంతకం. నదిలో మోటార్లు పెట్టుకున్న రైతులు, మేకల కాపరులు, ఇసుక ట్రాక్టర్లవారు, చేపలు పట్టేవారు మొట్టమొదట సమాచారం అందవలసినవారు. వీరికి పత్రిక మరుసటి రోజు ఉదయం చేరుతుంది. నీరు అంతకంటె ముందుగా చేరుతుంది. దండోరా, ఆలయాల, మసీదుల మైకులు, సెల్‌ఫోన్ సందేశాలు ఇచట పత్రికల కంటె అక్కరకు వస్తాయని పత్రికా సంబంధాలే వృత్తిగా గల ఈ వ్యాసకర్త అంగీకరించక తప్పదు.

ఇసుక విషయం

ముఖద్వారం వద్ద అలను విరిచే మెట్ట ఎచటి నుంచి వచ్చినది? అది గండికోట లోయను కోసిన పెన్నా, ఎర్రమల కొండలను, పాలకొండలను కడిగిన ఉపనదులు తెచ్చిన ఇసుక. జలాశయాలు కట్టిన పిదప ఆ ఇసుకలో అధిక భాగం వాటి అడుగుననే నిలిచిపోతున్నది. దిగువన మిగిలినదానిని ఇండ్ల నిర్మాణానికి తరలిస్తున్నారు. సముద్రం మాత్రం తన వంతు ఇసుకను ప్రతి ఏడాది తీసుకుంటూనే ఉంటుంది. రాబడి తగ్గి వ్యయం తగ్గని ఇంటివలె తీరం క్రమంగా కోతకు గురవుతుంది. మెట్ట తగ్గినకొద్దీ అల దూరాన విరగక ఒడ్డుకు దగ్గరగా వచ్చి విరుగుతుంది.

స్పెయిన్ దేశంలో ముండాకా అనే చోట నదీ ముఖద్వారపు అల ప్రపంచ ప్రసిద్ధమైనది. 2003లో ఆ నది లోతు పెంచుటకు ఇసుక తవ్వి తీయగా ముఖద్వారం వద్ద మెట్ట రూపు మారి, ఆ అలయే కనుమరుగైనది. 2005లో అచట జరుగవలసిన ప్రపంచ స్థాయి సర్ఫింగ్ పోటీని రద్దు చేశారు. తరువాత కొన్నేళ్ళకు ఇసుక చేరి అల తిరిగి వచ్చినది. అచట పోయినది ఒక క్రీడాపోటీ. ఇచట తీరానికి ఆనుకొని పల్లెకారుల ఇండ్లున్నవి. ప్రొద్దుటూరు వద్ద పెన్నాలో నింపిన ట్రాక్టరుకు, ఊటుకూరు వద్ద ఇంటి గోడను తాకే అలకు మధ్య దూరం పటంలో చూచినంత ఎక్కువ కాదు. అనుమతించిన రీచ్‌లలో, అనుమతించిన లోతు వరకే తవ్వవలెనన్న నిబంధనను భూగర్భ జలాల కోసమే కాక దీని కోసం కూడ అమలు చేయవలసి ఉన్నది.

బులెటిన్లలోని మాటలు

హెచ్చరికలు వార్తగా మారేటపుడు మాటలు తారుమారగుట వలన అనర్థం కలుగుతున్నది. గాలి వేగం గంటకు 31 నుంచి 50 కిలోమీటర్ల వరకు ఉన్నపుడు వాయుగుండం, 51 నుంచి 62 వరకు తీవ్ర వాయుగుండం, 63 నుంచి 88 వరకు తుపాను, 89 నుంచి 117 వరకు తీవ్ర తుపాను. అల్పపీడనాన్ని తుపానుగా ప్రకటించే శీర్షికలు రెండుమార్లు వచ్చిన తరువాత మూడోమారు నిజంగా తుపాను వచ్చినపుడు జనం కదలరు. అయితే 2021 నవంబరు నాటిది కేవలం వాయుగుండమేనన్న విషయాన్ని కూడ మరువరాదు. ఈ వర్గీకరణ గాలి వేగానికి సంబంధించినది మాత్రమే. వానను అది కొలవదు. వానకు వేరే కొలత ఉన్నది. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతిభారీ వర్షం, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. జిల్లాకు సంబంధించినంత వరకు ఈ రెండవ కొలతయే ప్రధానం.

అలల ఎత్తును హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అనగా ఇన్‌కాయిస్, ప్రకటిస్తుంది. 1999లో ఏర్పాటైన ఈ సంస్థ ఇచ్చే ఎత్తు అత్యధికం కాదు, పెద్దవైన మూడో వంతు అలల సగటు. రెండున్నర మీటర్లని బులెటిన్ చెప్పినపుడు అప్పుడప్పుడు ఒక అల దాదాపు రెట్టింపు ఎత్తుతో రావచ్చును. "రెండున్నర మీటర్లకు మించవు" అని వ్రాయుట పొరపాటు. ఎచటనో దక్షిణ మహాసముద్రంలో పుట్టి, ఇచట గాలి లేకున్నను హఠాత్తుగా వచ్చే పెద్ద అలలకు మలయాళ మత్స్యకారులు పెట్టుకున్న కల్లక్కడల్ అనే పేరును కూడ ఆ సంస్థ వాడుతున్నది. అది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల విషయం. ఈ కాలానికి అంతగా వర్తించదు.

పోటు సమయం దినదినానికి సుమారు 50 నిమిషాలు వెనుకకు జరుగుతుంది. నిన్న ఏడు గంటలకు నిశ్చింతగా స్నానం చేసిన చోట నేడు అదే ఏడు గంటలకు నీరు అదే తీరున ఉంటుందని భావించరాదు. కార్తిక మాసంలో మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు దారిన బస్సులు, కార్లు మాట్లాడుకొని మైపాడు తీరానికి పోయే కుటుంబాలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పరిసరాలలో అనేకం. పౌర్ణమి నాటి సముద్రస్నానం పుణ్యప్రదమని వారి విశ్వాసం. ఆ విశ్వాసానికి భంగం కలుగకుండనే చెప్పదగిన మాటలు కొన్ని ఉన్నవి. నడుము లోతు దాటరాదు. పిల్లలను చేయి విడువరాదు. అలలు విరగక నీరు నున్నగా, నెమ్మదిగా కనిపించే చోటు సురక్షితమని భ్రమించరాదు. తీరానికి వచ్చిన నీరు వెనుకకు లాగుకొని పోయేది అచటనే. ఆ లాగులో పడినవారు ఒడ్డుకు ఎదురీదక తీరానికి సమాంతరంగా ఈది బయటపడవలెను. నది సముద్రంలో కలిసే చోట ఎట్టి పరిస్థితులలోను నీట దిగరాదు. ప్రయాణానికి ముందు రోజు వరకు వాయుగుండం గాని, సోమశిల నుంచి నీటి విడుదల గాని ఉన్నట్లయితే ఆ ఏటికి స్నానం ఇంటి వద్దనే ముగించుకొనుట ఉత్తమం.

ఇక పాత్రికేయ మిత్రులకు సూచించదలచినది ఒకటి. ఈ మూడు నెలలు ప్రతి ఉదయం నాలుగు అంకెలను పక్కపక్కన పెట్టి చూడగోరుతున్నాము: గండికోట, మైలవరంలలో మిగిలిన ఖాళీ, చెన్నూరు వద్ద పెన్నా నీటిమట్టం, సోమశిల విడుదల, నెల్లూరు తీరపు అలల ఎత్తు. జలవనరుల శాఖ, కేంద్ర జలసంఘం, ఇన్‌కాయిస్ వేర్వేరుగా వీటిని వెల్లడిస్తున్నవి. ఒక్కొక్కటి విడిగా వచ్చినపుడు లోపలి పేజీలో చిన్న వార్త. నాలుగును ఒకే దిశలో కదిలిన దినాన అది మొదటి పేజీ వార్త. ఆ దినం జమ్మలమడుగు చప్టా మొదలు ఊటుకూరు పల్లెపాలెం వరకు నది పొడవునా ఉన్నవారికి అది ముందు రోజు సాయంత్రమే తెలియవలసి ఉన్నది.